ముందు కొత్తది పెట్టు, పాతది తర్వాత చూద్దాం

చిన్నీ,

నిన్న మీ అమ్మ ఫోన్ చేసి గోంగూర పచ్చడి గురించి మాట్లాడుతూ మధ్యలో "వదినా, నీ మేనకోడలు శనివారం రాత్రి ట్యూషన్ సెంటర్లో కంప్యూటర్లన్నీ ఏదో తేలికదానికి మార్చేస్తుందంట, సోమవారం పిల్లలొచ్చేసరికి రెడీ అంట" అంది. అంటే ఉబుంటు లినక్స్‌లో మెనూలూ కిటికీలూ చూపించే డెస్క్‌టాప్ ఉంది చూడు, ఆ గ్నోమ్ బదులు ఇంకా తేలికైనది పెడతావన్నమాట. కొత్తవి కొనిపెట్టమని మీ నాన్నని పీడించకుండా ఉన్నవాటితోనే నడిపిద్దామనుకున్నావు చూడు, దానికి గర్వంగా అనిపించింది. ఫోన్ పెట్టేశాక మాత్రం నిద్ర పట్టలేదు. అన్నీ ఒకే రాత్రి మారుస్తావా తల్లీ? సోమవారం పొద్దున ఒక్కటీ లేవకపోతే ఆ పిల్లల అమ్మానాన్నలకి ఏం చెప్తావు?

మార్చొద్దని కాదు. గవర్నర్‌పేటలో డీటీపీ చేసిన రోజుల నుంచి నేను పాత మిషన్ల మీదే బతికాను, బరువు తగ్గించడంలో నాకు మించిన పిసినారి ఎవరూ లేరు. కానీ ముందు ఒక్కటి, మూల పడేసిన ఆ పాత డెల్, దాని మీద చెయ్యి. వారం రోజులు పిల్లలు దాని మీద కూర్చోనీ. అది బాగుంటే మిగతావి.

అసలు బరువు ఎక్కడుందో చూశావా? లాగిన్ అయ్యాక టెర్మినల్‌లో, అదే కమాండ్లు టైప్ చేసే కిటికీలో, ఫ్రీ కమాండ్ కొట్టి, ఏమీ తెరవకుండా ఎంత మెమరీ పోతోందో రాసుకో. తర్వాత బ్రౌజర్‌లో నువ్వు మామూలుగా తెరిచే ట్యాబులన్నీ తెరిచి మళ్లీ చూడు. ఉబుంటుతో వచ్చే గ్నోమ్ ఖాళీగా కూర్చున్నా ఒక జీబీ అటూ ఇటూగా పట్టుకుంటుంది. ఎక్స్‌ఎఫ్‌సీఈ అనే తేలికపాటి డెస్క్‌టాప్‌కి మారితే అందులో కొంత మిగులుతుంది, 4 జీబీ మిషన్‌కి అది నిజంగా తెలుస్తుంది. కానీ బ్రౌజర్ తినేదాన్ని ఏ డెస్క్‌టాపూ తగ్గించలేదు. ఇంకా తిరిగే హార్డ్ డిస్కే ఉంటే, డెస్క్‌టాప్ మార్చినదానికంటే ఎస్‌ఎస్‌డీ వేస్తేనే ఎక్కువ తేడా కనిపిస్తుంది. ఇది ముందే చెప్తున్నా, తర్వాత అత్తయ్య మాట విని ఇంత కష్టపడితే ఇంతేనా అనుకోకు.

ఏది పెట్టాలంటే నా ఓటు ఎక్స్‌ఎఫ్‌సీఈకే. ఎల్‌ఎక్స్‌క్యూటీ ఇంకొంచెం తేలిక, కానీ ఆ తేడా కోసం పిల్లలకి కొత్తగా మళ్లీ అన్నీ నేర్పడం దండగ. గ్నోమ్ 2 పోయాక దాన్ని వదల్లేనివాళ్లు 2011లో మొదలుపెట్టిన మేట్ కూడా మంచిదే, అలవాటున్నవాళ్లకి. ఎక్స్‌ఎఫ్‌సీఈ 1996 నుంచి ఉంది, మెల్లగా నడిచే ప్రాజెక్టు, నిన్న ఉన్న బటన్ ఇవాళ మాయమవదు. నాకు నచ్చేది అదే.

పెట్టడం పెద్ద పనేం కాదు. ఆప్ట్ ఇన్‌స్టాల్ ఎక్స్‌ఎఫ్‌సీఈ4, అంతే. ఆప్ట్ అంటే ప్యాకేజీలని, అదే ప్రోగ్రాముల కట్టలని, పెట్టే తీసే కమాండ్. మధ్యలో లాగిన్ తెర చూపించడానికి జీడీఎం కావాలా లైట్‌డీఎం కావాలా అని అడిగితే ఇప్పటికి ఉన్నదాన్నే ఉంచు. తర్వాత లాగవుట్ అయ్యి, పేరు మీద నొక్కాక కింద మూల పళ్లచక్రం బొమ్మ వస్తుంది, అందులో ఎక్స్‌ఎఫ్‌సీఈ సెషన్ ఎంచుకో. ఆటోమేటిక్ లాగిన్ పెట్టి ఉంటే ఆ తెర కనిపించదు, అందుకే లాగవుట్ అవ్వమంటున్నా. వీలైతే పరీక్ష కోసం కొత్త యూజర్ ఒకటి చేసి అందులో చూడు, పాత యూజర్ సెట్టింగులూ థీములూ ఒకదాంతో ఒకటి కలగాపులగం కావు. మెనూలో ఎడిటర్లు రెండు, టెర్మినళ్లు రెండు కనిపిస్తాయి. కనిపించనీ. ఏం కొంప మునగదు.

ఇక్కడే ఆగు. పాతదాన్ని తీసెయ్యాలని నీకు చెయ్యి దురద పెడుతుంది, నాకు తెలుసు, ఆ దురద మీ నాన్నది.

నీకు గుర్తుండదు, 2013లో నీ ఓణీల ఫంక్షన్ ముందు. మీ నాన్న దగ్గర డెబియన్ అనే ఇంకో లినక్స్ ఉండేది, పాత గ్నోమ్‌తో సుఖంగా ఉన్నాడు. ఆ ఏడాది మే నెలలో దాని కొత్త వెర్షన్ వీజీ వచ్చింది, ఆయన అప్‌గ్రేడ్ చేశాడు, చేస్తే గ్నోమ్ 3 ప్రత్యక్షమైంది. పైనుండే మెనూలు లేవు, ఒక జీబీ మెమరీ మిషన్ మూలుగుతోంది. కోపం వచ్చి ఎక్స్‌ఎఫ్‌సీఈకి మారతానన్నాడు. మారడం మంచిదే, కానీ "పాతది ఉంటే బరువు కదా అక్కా" అని ముందు గ్నోమ్‌ని తీసేశాడు. స్క్రీన్ నిండా ప్యాకేజీల పేర్లు వచ్చాయి, ఇవన్నీ తీసెయ్యనా అని అడిగింది, చదవకుండా వై కొట్టాడు. ఆ తర్వాత ఆటోరిమూవ్, అంటే ఇక అవసరం లేవనుకున్న ప్యాకేజీలన్నీ ఊడ్చెయ్యడం, అది కూడా చెయ్యమని అదే సలహా ఇచ్చింది కదా అని దానికీ వై. రీస్టార్ట్ చేశాడు. నల్లటి తెర, తెల్లటి అక్షరాలతో లాగిన్ అని ఒక్క మాట.

వై-ఫై లేదు, ఎందుకంటే నెట్‌వర్క్ మేనేజర్ కూడా గ్నోమ్ కోసం వచ్చిన సరుకే కాబట్టి దాంతోపాటే ఊడ్చుకుపోయింది. నెట్ లేకపోతే కొత్త డెస్క్‌టాప్ ఎక్కడి నుంచి వస్తుంది? ఇంతవరకూ జరిగింది నిజానికి చిన్న విషయమే. అసలు ప్రమాదం తర్వాతిది. నీ ఓణీల ఆహ్వాన పత్రిక, మీ తాతయ్య ఒక్కొక్కరి ఇంటిపేరుతో సహా చెప్పి రాయించిన బంధువుల జాబితా, అన్నీ ఆ మిషన్లోనే ఉన్నాయి, ఇంకెక్కడా కాపీ లేదు. తెర కనిపించకపోయేసరికి అవీ పోయాయనుకున్నాడు మీ నాన్న. ఎలాగూ పోయాయి కదా అని ఇన్‌స్టలేషన్ సీడీ పెట్టేశాడు. డిస్క్ మొత్తం వాడమంటావా అని అడిగే చోట ఎందుకో ఆగి నాకు ఫోన్ చేశాడు, రాత్రి పది దాటాక. "అక్కా, దీనికి ఔనని కొట్టనా?" అని.

ఒరేయ్ దేన్నీ ముట్టుకోకు, పవర్ బటన్ నొక్కి పట్టుకుని ఆపెయ్యి, సీడీ బయటికి తీసెయ్యి అని అరిచాను, మా పక్కింటివాళ్లు తలుపు తీసి చూశారు. పొద్దున్నే మొదటి బస్సెక్కి మంగళగిరి దాటేదాకా మళ్లీ వాడేం చేశాడో అని ఒకటే టెన్షన్. వెళ్లి ఆ నల్ల తెరలోనే యూజర్ పేరు, పాస్‌వర్డ్ కొట్టి ఫోల్డర్ తెరిస్తే, ఆహ్వాన పత్రిక నిక్షేపంగా ఉంది. ఎందుకుండదు? డెస్క్‌టాప్ తీసేస్తే ప్రోగ్రాములు పోతాయి కానీ హోమ్ ఫోల్డర్లో నువ్వు రాసుకున్నవాటి జోలికి అది పోదు. మీ నాన్న కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. చెమట అన్నాడు. నేనూ చెమటే అనుకున్నట్టు ఊరుకున్నాను.

ముందు పెన్‌డ్రైవ్‌లోకి కాపీ, తర్వాత మోడెం నుంచి కేబుల్ లాగి డీహెచ్‌క్లయింట్ అని కొడితే నెట్ వచ్చింది. ఎక్స్‌ఎఫ్‌సీఈతోపాటు లైట్‌డీఎం కూడా విడిగా అడిగి పెట్టించాను, పాత లాగిన్ తెర కూడా ఆ ఊడ్పులోనే పోయింది కదా. మధ్యాహ్నం భోజనాల వేళకి మిషన్ లేచింది. ఈ సంగతి నేను రాశానని మీ నాన్నకి చెప్పకు, ఈ వయసులో అలుగుతాడు.

అందుకని చిన్నీ, కొత్త ఇంట్లో పాలు పొంగించకుండా పాత ఇల్లు ఖాళీ చెయ్యకు. గ్నోమ్‌ని ఉంచితే డిస్క్‌లో కాస్త చోటు పోతుంది, అంతే. నువ్వు ఎక్స్‌ఎఫ్‌సీఈలో ఉన్నప్పుడు దాని డెస్క్‌టాప్ మెమరీలోకి రాదు. ఎప్పటికైనా తీసేద్దామనుకుంటే ఆప్ట్ చూపించే జాబితా మొత్తం చదువు, నెట్‌వర్క్ అనో జీడీఎం అనో లైట్‌డీఎం అనో కనిపిస్తే ఎన్ కొట్టి నాకు ఫోటో పంపు. ఆటోరిమూవ్ అన్న మాట జోలికి నువ్వొక్కదానివే పోకు. నీ ఫైళ్లు పోవని చెప్పాను కదా అని కాపీ తీసుకోకుండా మొదలుపెడితే మాత్రం ఊరుకోను.

తెలుగు టైపింగ్ మర్చిపోయి ఉంటావు, అందరూ మర్చిపోయేది అదే. గ్నోమ్‌లో తెలుగు టైప్ చేయించే ఐబస్ దానంతటదే నడుస్తుంది. ఎక్స్‌ఎఫ్‌సీఈలో ఒక్కోసారి నువ్వే లేపాలి. ఐబస్, ఐబస్-ఎం17ఎన్ ఉన్నాయో లేదో చూసి, ఇన్‌పుట్ పద్ధతిగా ఐబస్‌ని ఎంచి, లాగిన్ అవగానే మొదలయ్యేలా సెషన్ అండ్ స్టార్టప్‌లో చేర్చు. ఇన్‌స్క్రిప్ట్, ఆర్‌టీఎస్ అనే టైపింగ్ పద్ధతులు రెండూ దాంట్లో ఉంటాయి. పదో తరగతి పిల్లలు తెలుగు ప్రాజెక్ట్ టైప్ చేస్తారని మీ అమ్మ చెప్పింది, కాబట్టి సోమవారం ముందు ఒక పేరా కొట్టి చూడు, వత్తులు సరిగ్గా పడుతున్నాయో లేదో. సరిగా లేకపోతే ఫాంట్స్-తెలు ప్యాకేజీ పెట్టు.

ఇంకా నెమ్మదిగా అనిపిస్తే విండో మేనేజర్ ట్వీక్స్‌లో కంపోజిటర్ ఆపెయ్యి, నీడలూ పారదర్శకాలూ పోతాయి, పిల్లలకి అవెందుకు.

చివరగా కరెంటు. ఈ ఎండలకి గుంటూరులో ఎప్పుడు పోతుందో తెలియదు, ప్యాకేజీలు పడుతుండగా పోతే సగం సగం ఆగుతుంది. డీపీకేజీ మైనస్ మైనస్ కాన్ఫిగర్ మైనస్ ఏ, సగంలో ఆగినవాటిని పూర్తి చేసే ఈ కమాండ్ కాగితం మీద రాసి గోడకి అంటించు, మళ్లీ పవర్ రాగానే ముందు అదే. యూపీఎస్ బ్యాటరీ ఎన్నాళ్లదో కూడా చూడు. శనివారం రాత్రి కాదు, ఆదివారం పొద్దున మొదలుపెట్టు, నేను మెలకువగా ఉంటాను.

అన్నట్టు నా అల్మరాలో ల్యాప్‌టాప్‌ల డీడీఆర్3 ర్యామ్ ముక్కలు కొన్ని ఖాళీగా పడున్నాయి. ఆ డెల్ వెనక స్టిక్కర్ ఫోటో తీసి పంపు, సరిపోతే మీ అమ్మ వచ్చే వారం పచ్చడి కోసం వచ్చినప్పుడు ఇచ్చి పంపుతాను.

మీ అత్తయ్య