రీయూనియన్‌కి వచ్చే ముందు జీతం లెక్క సరిగ్గా చూసుకో

తమ్ముడూ, నేనుండే ఈ హిందూ మహాసముద్రపు దీవి, రీయూనియన్, వేరే దేశమా, ఫ్రాన్స్ వలసా అని అడిగావు. రెండూ కాదు. 1946 మార్చి 19 నుంచి ఇది ఫ్రాన్స్‌లో ఒక డిపార్ట్‌మెంట్, అంటే మన జిల్లా లాంటిది. చట్టాలు పారిస్‌వే, డబ్బు యూరోలే. ఇక్కడి ముఖ్య పట్టణం సెయింట్ డెనిస్‌లో ప్రభుత్వం తరఫున ప్రెఫెక్ట్ ఉంటాడు, మన కలెక్టర్ లాంటివాడు. ఎన్నికైన సభలు రెండు: డిపార్ట్‌మెంట్‌కొకటి, రీజియన్‌కొకటి. పారిస్ పార్లమెంటులోనూ ఇక్కడి నుంచి ఏడుగురు డెప్యూటీలు (దిగువ సభ సభ్యులు), నలుగురు సెనేటర్లు (ఎగువ సభ సభ్యులు) కూర్చుంటారు. కానీ యూరప్ దేశాల ఉమ్మడి వీసా ప్రాంతం షెంగెన్‌లో ఇది లేదు, ఆ వీసాతో దిగలేవు. మిగతా రూల్స్ ఫ్రెంచ్ వీసా సైట్‌లో ఉన్నాయి, చదువుకో.

అసలు టెన్షన్ డబ్బుది. నేను ప్రైవేటు కంపెనీ ఉద్యోగంలో వచ్చాను. ఇక్కడ జీతాలు 53 శాతం ఎక్కువని ఎవరో చెబితే అందరికీ అనుకుని, సెయింట్ జిల్‌లో సముద్రం దగ్గర ఇల్లు తీసుకున్నాను. మొదటి పే స్లిప్ చూశాక గానీ తెలియలేదు, ఆ పెంపు ప్రభుత్వ ఉద్యోగులకే. మాలాంటివాళ్లకు దాంతో సంబంధం లేదు. కనీస వేతనం పారిస్‌లో ఎంతో ఇక్కడా అంతే. ధరలు మాత్రం వేరు. 2022 లెక్కల ప్రకారం తిండి ఖర్చు ఫ్రాన్స్ ప్రధాన భూభాగంలో కన్నా సుమారు 37 శాతం ఎక్కువ. చీజ్, ఆపిల్ పళ్లు లాంటివి చాలావరకు ఓడల్లోనో విమానాల్లోనో రావాలి. పైగా బయటి నుంచి వచ్చే సరుకుల మీద ‘ఒక్‌త్రువా ద మేర్’ అనే పన్ను, దాని రేట్లు ఇక్కడి రీజియన్ సభే వేస్తుంది. వ్యాట్ మామూలు రేటు మాత్రం 8.5 శాతమే, ప్రధాన భూభాగంలో 20.

వచ్చిన కొత్తలో సూపర్‌మార్కెట్ బిల్లు చూసి రాత్రి నిద్ర పట్టేది కాదు. ఆర్నెల్లు గడిచాక సముద్రం ఇల్లు వదిలి కొండ వైపు వెళ్లాను. శుక్ర, శనివారాల్లో సెయింట్ పాల్ సంతకు పోవడం మొదలుపెట్టాను. అక్కడ మునగాకు, కరివేపాకు, పసుపు అన్నీ దొరుకుతాయి. మనవాళ్లు యానాం నుంచి ఈ దీవికి 1820ల చివర్లోనే కూలికి వచ్చారు, ఆ రుచులు ఇక్కడివాళ్లకూ అలవాటే. అన్నం, పప్పు రోజూ తినే ఊరిది, నీకు తిండికి లోటుండదు. ఇప్పుడు నాకు సొంత ఇల్లుంది. ఇంటర్నెట్‌లో బీచ్ ఫొటోలు చూసి బయల్దేరే కుర్రాళ్లను చూస్తే జాలేస్తుంది.

సంతకం పెట్టే ముందు చేతికొచ్చే జీతం ఎంతో రాయించుకో. సముద్రానికి దూరంగా ఇల్లు వెతుక్కో. మూడు నెలల ఖర్చు చేతిలో లేకుండా మాత్రం విమానం ఎక్కకు.