కిడ్నీ జబ్బులో స్త్రీ పురుష తేడాలపై పీహెచ్‌డీ: ఐదేళ్లు వృథా అవుతాయా?

ప్రశ్న: మాది సోంపేట. మా అమ్మాయి ఎమ్మెస్సీ బయోకెమిస్ట్రీ పూర్తిచేసి జేఆర్‌ఎఫ్ (పరిశోధన చేసేవారికి నెలనెలా డబ్బిచ్చే ఫెలోషిప్) తెచ్చుకుంది. దీర్ఘకాలిక కిడ్నీ వ్యాధి ఉన్నవారిలో ఆక్సిడేటివ్ స్ట్రెస్ (కణాలను దెబ్బతీసే చురుకైన ఆక్సిజన్ అణువులు శరీరంలో అదుపు తప్పడం) స్త్రీలకు, పురుషులకు ఎలా తేడాగా ఉంటుందన్న అంశంపై పీహెచ్‌డీ చేస్తానంటోంది. అంత చిన్న అంశానికి ఐదేళ్లెందుకని, ఆరు నెలల హెల్త్‌కేర్ డేటా సైన్స్ కోర్సులో చేరమంటున్నాం. ఏది మేలు?

జవాబు: కిడ్నీ జబ్బుకు పేరుపడ్డ ఉద్దానం ప్రాంతంలో ఉంటూ ఆ జబ్బును చిన్న అంశమని మీరు అనడం నాకు వింతగా తోచింది. చాలా దేశాల లెక్కల్లో ఈ వ్యాధి స్త్రీలలో కాస్త ఎక్కువగా కనిపిస్తుంది. అది ముదిరి డయాలసిస్ దాకా చేరేవారిలో మాత్రం పురుషులే ఎక్కువ. ఈ తేడాలో వైద్యం అందడంలోని అసమానత వాటా ఎంత, శరీరధర్మం వాటా ఎంత అన్నది ఇంకా తేలవలసిన ప్రశ్న. స్త్రీ హార్మోను ఈస్ట్రోజెన్ ఆ అణువులను అణిచే యాంటీఆక్సిడెంట్ ఎంజైములకు ఊతమిస్తుందని, పురుష హార్మోను టెస్టోస్టిరాన్ వాటిని పుట్టించే ఎన్‌ఏడీపీహెచ్ ఆక్సిడేజ్ అనే ఎంజైమును ప్రేరేపిస్తుందని జంతువులపై చేసిన ప్రయోగాల్లో గమనించారు. అయితే కిడ్నీలు దెబ్బతిన్న స్త్రీలలో నెలసరి ముందుగానే ఆగిపోవడం తరచుగా కనిపిస్తుంది కనుక, ఆ రక్షణ వారికి ఎంతవరకు మిగులుతుందో చెప్పడం తేలిక కాదు. మందుల సంగతీ అంత సులువుగా లేదు. ఆక్సిడేటివ్ స్ట్రెస్‌ను అదుపు చేస్తుందని ఆశపెట్టుకున్న బార్డాక్సొలోన్ అనే మందుపై రోగులలో జరిగిన పెద్ద ట్రయల్‌ను, గుండె వైఫల్యం కేసులు పెరగడంతో 2012లో మధ్యలోనే ఆపేశారు.

ఇక డేటా సైన్స్ కోర్సు గురించి నా సందేహాలు దాచుకోను. ఆ విద్య మంచిదే. కానీ ఆరు నెలల సర్టిఫికెట్‌తో ఆరోగ్య రంగంలో నిలదొక్కుకోవచ్చన్న ప్రచారాన్ని నేను నమ్మను. ఒక ఉదాహరణ చూడండి. ఆక్సిడేటివ్ స్ట్రెస్‌ను అంచనా వేయడానికి ప్లాస్మాను థయోబార్బిట్యురిక్ ఆమ్లంతో కలిపి మరిగించి, వచ్చిన గులాబీ రంగును 532 నానోమీటర్ల వద్ద కొలుస్తారు. రక్తం తీసేటప్పుడు ఎర్రకణాలు చిట్లినా, నమూనాను వెంటనే చల్లబరచకపోయినా అంకె తప్పుతుంది. డేటా ఫైలు తెరిచినవారికి ఆ అంకెతోపాటు స్త్రీ, పురుషుడు అన్న గడి ఒక్కటే కనిపిస్తుంది. ఆమెకు నెలసరి ఆగిందా, హార్మోను మాత్రలు వాడుతోందా, అతనికి పొగతాగే అలవాటుందా, డయాలసిస్‌లో సిర ద్వారా ఐరన్ ఎక్కించారా అన్నవి అందులో ఉండకపోవచ్చు. ఇవన్నీ అడిగి రాసుకోవాలని తెలిసిన మనిషి తరువాత గణాంకాలు నేర్చుకోగలరు. కోర్సుతోనే మొదలుపెట్టినవారికి ఆ ప్రయోగశాల అనుభవం అంత సులభంగా దొరకదు.

ఇలాంటి ఉత్తరాలు నాకు తరచూ వస్తుంటాయి. వాటిలో 'ఐదేళ్లు' అన్న మాట దాదాపుగా అమ్మాయిల విషయంలోనే ఉంటుంది. మీ భయం చదువు గురించి కాదు, పెళ్లి వయసు గురించి. ఆ మాట నేరుగా రాసి ఉంటే నేనూ నేరుగా జవాబు చెప్పేవాణ్ని. ఇదే ఫలితం మీ అబ్బాయి తెచ్చుకుని ఉంటే ఆరు నెలల కోర్సు మాట ఎత్తేవారా? జేఆర్‌ఎఫ్‌తో మొదటి రెండేళ్లు నెలకు 37,000, ఆ తరువాత 42,000 రూపాయలు, అర్హతను బట్టి ఇంటి అద్దె భత్యం కూడా వస్తాయి. ఆమె ఎవరికీ భారం కాదు. పరిశోధన చేస్తూ పెళ్లి చేసుకున్నవారు ప్రతి ప్రయోగశాలలోనూ ఉంటారు.

విశ్వవిద్యాలయ ఉద్యోగాలు తక్కువ, వాటిని మాత్రమే నమ్ముకోవద్దని ఆమెకూ చెబుతాను. క్లినికల్ ట్రయల్స్ సంస్థలు, డయాగ్నస్టిక్స్ కంపెనీలు, హైదరాబాద్ జీనోమ్ వ్యాలీలోని ప్రయోగశాలలు, విదేశాల్లో పోస్ట్‌డాక్ (పీహెచ్‌డీ తరువాతి పరిశోధన) అవకాశాలు ఆమె ముందుంటాయి.

నేను నిజంగా జాగ్రత్త పడమనేది పీహెచ్‌డీ చేయించే గైడ్ ఎంపిక విషయంలో. ఆయనకు ఏదైనా ఆసుపత్రి నెఫ్రాలజీ (కిడ్నీ వైద్య) విభాగంతో కలిసి పనిచేసే ఒప్పందం ఉందా, ఎథిక్స్ కమిటీ అనుమతి ఏ దశలో ఉంది, నమూనాలు దాచడానికి మైనస్ 80 డిగ్రీల ఫ్రీజర్ అందుబాటులో ఉందా అన్నవి చేరకముందే అడగమనండి. ఆయన దగ్గర పనిచేస్తున్న విద్యార్థినులతో విడిగా మాట్లాడమనండి. కోర్సు కోసం మీరు పక్కన పెట్టిన డబ్బుతో, ఆమె రెండో ఏడాదికి వచ్చాక ఒక మంచి బయోస్టాటిస్టిక్స్ (వైద్య, జీవశాస్త్ర గణాంకాల) వర్క్‌షాప్‌కు పంపండి. అప్పటికి లెక్క కట్టడానికి ఆమె చేతిలో సొంత డేటా ఉంటుంది.