1966లో డాలరుకు ఎన్ని రూపాయలు? ముందు తేదీ చూడండి

మీరు అడిగినవి రెండు. తాతగారి కాగితాల్లో దొరికిన 1966 జూన్ నాటి 250 డాలర్ల డ్రాఫ్టుకు అప్పట్లో ఎన్ని రూపాయలు వచ్చి ఉంటాయన్నది ఒకటి. 1947లో డాలరూ రూపాయీ సమానంగా ఉండేవన్న మాట నిజమేనా అన్నది రెండోది. రెండోది తేలిక కనుక దాన్ని ముందు చెబుతాను.

నిజం కాదు. అప్పట్లో రూపాయిని ముడిపెట్టింది డాలరుతో కాదు, బ్రిటిష్ పౌండుతో. రూపాయికి ఒక షిల్లింగు ఆరు పెన్నీలు, అంటే 18 పెన్నీలు. పౌండుకు 240 పెన్నీలు కాబట్టి పౌండు 13.33 రూపాయలు. అదే పౌండు 1947లో 4.03 డాలర్లు. భాగించి చూస్తే డాలరు 3.31 రూపాయల దగ్గర తేలుతుంది. 1949 సెప్టెంబరులో బ్రిటన్ తన పౌండును 2.80 డాలర్లకు దించింది, మన ప్రభుత్వమూ రూపాయిని అంతే దించింది. దాంతో డాలరు 4.76 రూపాయలైంది. ఆ 4.76 పదహారేళ్ళకు పైగా కదలలేదు. మీ డ్రాఫ్టు సంగతికి ఈ అంకె కావాలి, గుర్తుంచుకోండి.

ఇక మొదటి ప్రశ్న. దీనికి నా దగ్గర పుస్తకంలోని జవాబు కంటే ఇంట్లో తెలుసుకున్న జవాబు ఉంది.

మా అమ్మ మేనమామ వైద్యంలో పైచదువు కోసం 1965లో అమెరికా వెళ్ళారు. రెండు మూడు నెలలకోసారి వంద డాలర్ల డ్రాఫ్టు పంపేవారు. దాన్ని బ్యాంకుకు తీసుకువెళ్ళి మార్చుకొచ్చే పని మా చిన్నతాతయ్యది. 1966 వేసవి తర్వాత ఒకసారి ఆయనకు జ్వరం వచ్చి తాతయ్యే వెళ్ళారు. చేతికి 745 రూపాయలు వచ్చాయి. అంతకుముందు ఏప్రిల్‌లో అదే వంద డాలర్లకు చిన్నతాతయ్య తెచ్చింది 473. ఎవరూ ఎదురుగా ఒక్క మాట అనలేదు. కానీ ఇన్నాళ్ళూ డ్రాఫ్టుకు 270 రూపాయల చొప్పున తమ్ముడు మింగేశాడని తాతయ్య మనసులో పడిపోయింది. ఆ తర్వాత ఏ డబ్బు పనీ ఆయనకు అప్పగించలేదు. ఆయనా ఎందుకని అడగలేదు. మా ఇంట్లో చిన్నతాతయ్య పేరు వచ్చినప్పుడల్లా పెద్దవాళ్ళు మాట మార్చడం నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు, కారణమే తెలియదు.

చాలా ఏళ్ళ తర్వాత పొలం కాగితాల కోసం వెతుకుతుంటే తాతయ్య చిట్టా దొరికింది. రెండు పద్దులూ ఎదురెదురు పేజీల్లో ఉన్నాయి. 473 కింద ఎర్ర సిరాతో రెండు గీతలు. పక్కన ఏమీ రాయలేదు. ఆ గీతలు కాగితం వెనక వైపుకు కూడా దిగి కనిపించేంత గట్టిగా గీశారు.

రెండు తేదీల మధ్య ఏం జరిగిందో వెతికాను. 1966 జూన్ 6న ప్రభుత్వం రూపాయి విలువను తగ్గించింది. ఇందిరాగాంధీ ప్రధానిగా, శచీంద్ర చౌధురి ఆర్థికమంత్రిగా ఉన్న రోజులు. యుద్ధాలు, కరువు, తరిగిపోయిన విదేశీ మారకం, సాయం చేసే దేశాల ఒత్తిడి, అన్నీ కలిశాయి. ఒక్క రోజులో డాలరు 4.76 నుంచి 7.50కి వెళ్ళింది.

ఇక్కడ ఒక చిక్కు ఉంది, నేను అందులోనే పడ్డాను. విలువ తగ్గింపు 36.5 శాతం అని చదివి, 4.76కి 36.5 శాతం కలిపితే 6.50 వచ్చింది. చిట్టాలోని 745తో అది పొసగలేదు. అసలు 36.5 శాతం తగ్గింది రూపాయి విలువ. అదే మార్పును డాలరు వైపు నుంచి చూస్తే ధర 57.5 శాతం పెరిగింది. మధ్యలో ఉన్న 2.74 ఒకటే, దాన్ని దేనితో భాగిస్తున్నామన్నదే తేడా. 7.50తో లెక్కవేస్తే వందకు 750. బ్యాంకు కొనుగోలు రేటు కాస్త తక్కువ ఉంటుంది, కమీషను పోతుంది, కాబట్టి 745 సరిపోయింది. 476కు 473 కూడా అలాగే సరిపోయింది. చిన్నతాతయ్య ఒక్క రూపాయి ముట్టుకోలేదు. అప్పటికి ఆయన లేరు. ఆయన కూతురికి చిట్టా చూపించి ఈ లెక్క వివరించాను. ఆవిడ 473 మీద వేలు పెట్టి చాలాసేపు అలాగే ఉండిపోయింది.

అందుకే పాత మారకం రేట్లకు ఏడాది సగటు వాడుతున్నవారిని చూస్తే నాకు మనసు ఊరుకోదు. రిజర్వ్ బ్యాంకు గణాంకాల సంపుటిలో సగటులు ఉంటాయి, చాలా పనులకు అవి చాలు. రేటు విరిగిన ఏడాదికి మాత్రం పనికిరావు. 1991 అలాంటిదే. జులై 1న, 3న రెండు విడతల్లో తగ్గించడంతో 21 రూపాయల దగ్గరున్న డాలరు 26కు చేరింది. 1992 మార్చి నుంచి ఏడాదిపాటు ఇంకో తిరకాసు: వచ్చిన డాలర్లలో 40 శాతానికి అధికారిక రేటు, 60 శాతానికి మార్కెట్ రేటు. ఆ ఏడాది డాలరు రేటెంత అంటే రెండు జవాబులు చెప్పాలి. 1973 నుంచి రోజువారీ రేట్లు అమెరికా ఫెడరల్ రిజర్వ్ దగ్గర దొరుకుతాయి. అంతకు ముందు కాలానికి ఆ అవసరం అంతగా రాదు, స్థిర రేటు కాబట్టి మారిన తేదీలు తెలిస్తే చాలు.

మీ డబ్బు ఇంగ్లండు నుంచి వచ్చి ఉంటే లెక్క వేరు. 1967 నవంబరులో పౌండు పడిపోయినప్పుడు మనం వెంట దిగలేదు. 21 రూపాయల పౌండు 18 అయింది.

మీ డ్రాఫ్టు మీద రెండు తేదీలు ఉండవచ్చు, అమెరికాలో రాసిన రోజు ఒకటి, ఇక్కడ బ్యాంకు ముద్ర పడిన రోజు ఒకటి. డ్రాఫ్టు డాలర్లలోనే ఉంటే మీకు కావలసింది రెండోది. ఆ ముద్ర జూన్ 6కు ముందుదైతే 1,190 రూపాయలకు కాస్త తక్కువ వచ్చి ఉంటుంది. ఆ రోజుదో, తర్వాతదో అయితే 1,875కు కాస్త తక్కువ. ముద్ర చెరిగిపోయి ఉంటే పాసుపుస్తకంలో జూన్ పద్దులు చూడండి, ఈ రెండు అంకెల్లో ఒకదానికి దగ్గరగా ఉన్న జమ కనిపిస్తుంది.