పది అడుగుల పడకగదిలో మంచం, బీరువా ఎందుకు ఇమడడం లేదు?

ఇంటి ప్లానులో 10 × 11 అడుగులున్న పడకగదిలో మంచం, బీరువా రెండూ ఇమడడం లేదా? ఆ కొలతలు గోడ మధ్య నుంచి గోడ మధ్యకు వేసినవై ఉంటాయి. 9 అంగుళాల గోడలైతే లోపల మిగిలేది 9 అడుగుల 3 అంగుళాలు, 10 అడుగుల 3 అంగుళాలు మాత్రమే. ప్లాస్టరింగుతో అదీ కాస్త తగ్గుతుంది.

1. లోపలి కొలతలతో గదిని మళ్లీ గీయండి.

2. చాలామంది వదిలేసేది ఇదే: సామాను గీస్తారు గానీ, గది తలుపు తిరిగే మేరను, బీరువా రెక్కలు తెరుచుకునే జాగాను గీయరు. ఆరున్నర అడుగుల మంచానికి కాళ్లవైపు 2 అడుగుల లోతు బీరువా పెడితే, పొట్టి వైపున మిగిలేది 9 అంగుళాలే. రెక్క సగం తెరుచుకోకముందే మంచానికి తగులుతుంది.

3. మంచం తలవైపును పొడవాటి గోడకు ఆనించి, ఒక పక్కను మూలకు జరిపి, బీరువాను ఆ పక్కకు ఎదురుగా ఉన్న పొట్టి గోడకు మార్చండి. 5 అడుగుల వెడల్పు మంచమైతే మధ్యలో సుమారు 3 అడుగుల దారి దొరుకుతుంది.

మంచానికి రెండు పక్కలా దారి కావాలంటే మాత్రం గదిని పెంచక తప్పదు. గోడలు లేవకముందే, నేలమీద సుద్దతో ఈ గీతలన్నీ గీసి, దయచేసి ఒకసారి నడిచి చూడండి.