చివరి పాట బుస్సుమంటే కార్ట్రిడ్జ్ మార్చాలా?

ప్రశ్న: నా టర్న్‌టేబుల్‌కి ఆడియో-టెక్నికా వీఎం95ఇ కార్ట్రిడ్జ్ (ముల్లు ఉండే భాగం, గాడిలో ముల్లు కదలికని కరెంటు సిగ్నల్‌గా మార్చేది) ఉంది. రెండేళ్లుగా రోజుకో ఎల్పీ వింటున్నాను. మొదటి పాటలు బాగానే ఉంటాయి గానీ, ఏ వైపు పెట్టినా చివరి పాటకొచ్చేసరికి గాయని ‘స’, ‘ష’ పలికిన చోటల్లా బుస్సుమంటోంది. మా ఫ్రెండు డెనాన్ డీఎల్-103 కొనమంటున్నాడు, మూవింగ్ కాయిల్ (ఎంసీ, ముల్లుతో పాటు తీగచుట్ట కదిలే రకం) అయితే ఈ బాధ ఉండదట. నా యాంప్లిఫయర్‌లో టర్న్‌టేబుల్ తగిలించడానికి ఎంఎం (మూవింగ్ మాగ్నెట్, అయస్కాంతం కదిలే రకం, నాది అదే) ఫోనో ఇన్‌పుట్ ఒక్కటే ఉంది. కొనమంటారా? ఇంకోటి, నిమిషానికి 78 చుట్లు తిరిగే పాత 78 రికార్డులు కొన్ని ఉన్నాయి, వాటినీ దీంతోనే వినొచ్చా?

జవాబు: ఇప్పుడే కొనకండి. డీఎల్-103 చెడ్డదని కాదు, 1960ల మొదట్లో జపాన్ ప్రసార సంస్థ ఎన్‌హెచ్‌కే కోసం తయారైన ఆ కార్ట్రిడ్జ్ ఇప్పటికీ అమ్ముడవుతోందంటే ఊరికే కాదు. కానీ మీకున్న జబ్బుకి అది మందు కాదు.

ముందు ఒక చిన్న లెక్క. ఎల్పీ రెండు వైపులా కలిపి 40 నిమిషాలనుకుంటే, రోజుకొకటి చొప్పున రెండేళ్లకి దాదాపు 490 గంటలు. మీ కార్ట్రిడ్జ్‌కి ఉన్న ఎలిప్టికల్ (మొన కోలగా ఉండే) ముల్లుకి కంపెనీ చెప్పే ఆయుష్షు 300 గంటలు! అంటే మీరు ఎప్పుడో అరిగిపోయిన ముల్లుతో వింటున్నారన్నమాట. అది పాట పాడు చేయడమే కాదు, రికార్డునీ గీకేస్తుంది.

చివరి పాటలోనే ఎందుకు అంటే, రికార్డు తిరిగే స్పీడు ఎప్పుడూ నిమిషానికి 33⅓ చుట్లే గానీ, బయటి అంచు దగ్గర ముల్లు కింద సెకనుకి 50 సెంటీమీటర్ల గాడి పరిగెడితే, లేబుల్ దగ్గరికొచ్చేసరికి అది 21 సెంటీమీటర్లే. అదే ‘స’ శబ్దాన్ని సగానికన్నా తక్కువ జాగాలో ఇరికించాలి కాబట్టి అక్కడ గాడిలో వంకరలు బాగా దగ్గర దగ్గరగా ఉంటాయి, మొద్దు ముల్లు వాటిలోకి దిగలేక పైపైన దొర్లుకుంటూ పోతుంది. ఇక్కడ పని చేసేది ముల్లు మొన ఆకారం. ఎంఎం, ఎంసీ అన్న తేడా కాదు. మామూలు డీఎల్-103 మొన గుండ్రటిది, కోనికల్ అంటారు. చివరి పాటల విషయంలో కొత్త ఎలిప్టికల్ దానికన్నా నయం.

పైగా డీఎల్-103 ఇచ్చేది 0.3 మిల్లీవోల్టులు, మీది ఇచ్చేది 4. మీ ఎంఎం ఇన్‌పుట్‌కి నేరుగా తగిలిస్తే వాల్యూమ్ మొత్తం తిప్పినా పాట కన్నా గుయ్‌మనే హమ్మే ఎక్కువ వినిపిస్తుంది. కాబట్టి ఆ చిన్న సిగ్నల్‌ని పెంచే స్టెప్ అప్ ట్రాన్స్‌ఫార్మరో వేరే ఫోనో స్టేజో కొనాలి. దాని సస్పెన్షన్ (ముల్లు కడ్డీ ఊగడానికి ఉండే మెత్తటి పట్టు) కూడా బిగువుగా ఉంటుంది, బరువైన టోన్ ఆర్మ్ (కార్ట్రిడ్జ్‌ని మోసే చెయ్యి) అడుగుతుంది. ముల్లు అరిగితే మీరే లాగి మార్చుకునే వీలూ లేదు. ఒక్క కార్ట్రిడ్జ్ కోసం ఇంత బండి కట్టాలా?

వీఎం95 వరసలో ఉన్న సుఖం ఏంటంటే ముళ్లన్నీ ఒకే బాడీకి పడతాయి. మీ బాడీ అలాగే ఉంచి ‘ఎంఎల్’ అనే మైక్రోలైన్ ముల్లు తెచ్చి గుచ్చేయండి, కార్ట్రిడ్జ్‌ని టోన్ ఆర్మ్ కొసకి బిగించే హెడ్‌షెల్ స్క్రూలు విప్పక్కర్లేదు. సన్నటి మొన, గాడిలో లోతుగా కూర్చుంటుంది, ఆయుష్షు కూడా 1000 గంటలంటారు. ధర ఎక్కువే, కానీ గంటల లెక్కన చూస్తే అంత బాధనిపించదు. పాత ముల్లు ఇప్పటికే గీకేసిన రికార్డులు మాత్రం పూర్తిగా బాగుపడతాయని ఆశ పెట్టుకోకండి.

కొత్త ముల్లు పెట్టాక సెట్టింగు చూసుకోవడం మర్చిపోకండి, ఎందుకంటే ఇలాంటి ముల్లు సరిగ్గా కూర్చోకపోతే మామూలుదానికన్నా ఎక్కువ సతాయిస్తుంది. టోన్ ఆర్మ్ వెనక ఉన్న అంకెల చక్రాన్ని నమ్మకుండా చిన్న డిజిటల్ గేజ్‌తో తూచి, రికార్డు మీద ముల్లు మోపే బరువు 2 గ్రాములు పెట్టండి. కార్ట్రిడ్జ్ కోణం చూసుకోవడానికి కాగితం మీద ప్రింటు తీసుకునే ప్రొట్రాక్టర్ చాలు, అందులో రెండు బిందువుల దగ్గరా కార్ట్రిడ్జ్ గీతలకి సమాంతరంగా ఉండాలి. లేకపోతే అప్పుడు స్క్రూలు వదులు చేసి జరపాల్సిందే. ఆ పని చేసేటప్పుడు ముల్లుకి తొడుగు ఉంచండి, నేను ఒకసారి బద్ధకించి, చొక్కా చేతి అంచు తగిలి కొత్త ముల్లు కాస్తా విరగ్గొట్టుకున్నాను, దాన్ని పెట్టి ఒక్క పాట కూడా వినలేదు. బుస్సుమనడం ఒక స్పీకర్లోనే ఎక్కువగా ఉంటే యాంటీ స్కేటింగ్ (టోన్ ఆర్మ్ లోపలికి లాగుకుపోకుండా ఆపే సెట్టింగు) కొంచెం అటూ ఇటూ జరిపి చూడండి.

ఇక 78 రికార్డులు. ఎల్పీ ముల్లుతో వద్దు. వాటి గాడి చాలా వెడల్పు, సన్నటి ముల్లు అడుగుకి జారిపోయి అక్కడున్న దుమ్మునీ గరగరనీ వినిపిస్తుంది. సుమారు 3 మిల్ (మిల్ అంటే అంగుళంలో వెయ్యో వంతు) మొన కావాలి. ఇదే వరసలో ‘ఎస్‌పీ’ ముల్లు అందుకోసమే చేశారు, అదీ మీ బాడీకే పడుతుంది, కాకపోతే బరువు బాగా పెంచాలి, ఎంతో దాని డబ్బాలోని కాగితం మీద ఉంటుంది. తిరిగి ఎల్పీ ముల్లు పెట్టినప్పుడు మళ్లీ 2 గ్రాములకి తగ్గించండి. అన్నట్టు, ముల్లు ఆర్డరిచ్చే ముందు మీ టర్న్‌టేబుల్‌కి 78 స్పీడు ఉందో లేదో చూసుకోండి, చాలావాటికి 33, 45 మాత్రమే ఉంటాయి.