కొత్త కార్యదర్శికి, సభ్యత్వం గురించి

తమ్ముడికి,

రిటైర్డ్ టీచర్ల సంఘం మండల కార్యదర్శిగా నిన్ను ఎన్నుకున్నారని తెలిసి సంతోషించాను. సభ్యత్వం పెంచే ఉపాయం రాయమన్నావు. కరపత్రాలు, సభ్యత్వ వారోత్సవాలు, మైకులో ప్రచారం వీటి జోలికి మాత్రం పోకు. ముప్పై ఏళ్లు పాఠాలు చెప్పినవాళ్లకి నువ్వు ఉపన్యాసం ఇవ్వబోతే, వాళ్లు నీకు ఇంకా పెద్దది ఇచ్చి పంపిస్తారు. మనవాళ్లు సంఘం గడప తొక్కేది కాగితం ఎక్కడో ఆగిపోయినప్పుడే. దాన్ని కదిలించినవాణ్ణి జన్మలో మరిచిపోరు.

కాబట్టి ముందు సబ్ ట్రెజరీ పని నేర్చుకో. రిటైరైనప్పుడు ఒకేసారి సొమ్ము తీసుకున్నందుకు కమ్యుటేషన్‌కి పోయిన భాగం పదిహేనేళ్లు నిండాక తిరిగి పెన్షన్‌లో కలిసిందా? 70 నిండినవారికి అదనపు పెన్షన్ మొదలైందా? బతికే ఉన్నామని ఏటా ఇచ్చే లైఫ్ సర్టిఫికెట్ అందక ఎవరి పెన్షన్ ఆగింది? ఈ మూడూ చూసిపెట్టగలిగితే మండలమంతా నీ ఫోన్ నంబరు అదే పాకుతుంది. సభ్యత్వం మాట పని అయ్యాకే ఎత్తు. ముందే రసీదు పుస్తకం తీశావో, సంఘం చందా కూడా లంచం లాంటిదే అనుకుంటారు.

మన రిజిస్టర్లలో అందరికన్నా తక్కువగా కనిపించేది ఫ్యామిలీ పెన్షనర్లు, అంటే భర్త పోయాక పెన్షన్ అందుకునే ఆడవాళ్లు. మాస్టారు పోతే దండ వేస్తాం, సంతాప సభ పెడతాం, పేరు కొట్టేస్తాం. ఆ కొట్టేసిన చోట ఆయన భార్య పేరు రాయాలని ఎవరికీ తోచదు. నాకు తెలిసిన ఒకావిడ విషయం చెబుతాను. పీపీఓలో, అంటే పెన్షన్ మంజూరు పత్రంలో, ఆవిడ పేరు పొట్టిగా ఉంది, ఆధార్‌లో ముందు 'వెంకట' చేరింది, బ్యాంకు పుస్తకంలో ఇంకా పుట్టింటి ఇంటిపేరే. మూడు కాగితాల్లో ముగ్గురు మనుషులు! మా కోశాధికారి వాళ్ల అరుగు మీద కూర్చుని ఆ మూడూ పక్కపక్కన పరిచి, ఏది ఎక్కడ మార్పించాలో పెన్సిల్‌తో గుర్తులు పెట్టి, అర్జీ రాసి, ఆవిడతో పాటు ట్రెజరీకి వెళ్లాడు. పెన్షన్ మొదలైన నెలలోనే ఆవిడ మరో ఇద్దరిని వెంటబెట్టుకుని వచ్చింది. వాళ్లలో ఒకావిడ ఇప్పుడు కార్యవర్గంలో ఉంది. భర్త పోయిన ఇంటికి వెళ్లి అడగడం మన మగ కార్యకర్తలకి మొహమాటం. ఆవిడకి ఆ మొహమాటం లేదు.

ఇక అసలు సంగతి. పని చేయించుకుని మాయమయ్యేవాళ్లు ఉంటారు. వాళ్లని తిట్టుకోకు. 'జీవోలు వాటంతట అవే వస్తాయి, సంఘం ఎందుకు?' అనేవాళ్లకి మాత్రం 2022 గుర్తుచెయ్యి. ఆ జనవరిలో ఆంధ్రప్రదేశ్ పీఆర్సీ (వేతన సవరణ) జీవోల్లో 70, 75 ఏళ్లవారి అదనపు పెన్షన్ ఎత్తేశారు. అంతకుముందు అది 10, 15 శాతం ఉండేది. ఫిబ్రవరి 3న ఉద్యోగులు, టీచర్లు చలో విజయవాడ నిరసన చేశారు, తర్వాతి చర్చల్లో 7, 12 శాతంగా తిరిగొచ్చింది. పూర్తిగా దక్కలేదు, నిజమే. రోడ్డు మీదికి ఎవరూ రాకపోతే ఆ మాత్రమూ దక్కేది కాదు.

పెన్షన్ హక్కు కోసం సుప్రీంకోర్టుకి వెళ్లిన నకారా కేసు కూడా చెప్పు, కానీ కోర్టు భాషలో కాదు. 1979 మార్చి 31కి ముందు రిటైరైనవాళ్లకి కొత్త పెన్షన్ లెక్క వర్తించదన్నారు. పెన్షన్ ఎవరి దయాదాక్షిణ్యమూ కాదని, తేదీ గీత గీసి పెన్షనర్లని విడదీయకూడదని 1982 డిసెంబరు 17న సుప్రీంకోర్టు చెప్పింది. అందులో ఇద్దరు పెన్షనర్లతో పాటు ఒక సొసైటీ కూడా పిటిషనర్. ఒంటరిగా కోర్టు మెట్లెక్కలేని ముసలివాళ్ల తరఫున సంఘం నిలబడవచ్చని మనవాళ్లకి అర్థమయ్యేది ఇక్కడే.

సీపీఎస్ (జీతంలోంచి వాటా కట్టే కొత్త పెన్షన్ పథకం) వాళ్ల మీద నీ యూనిట్‌లో గొడవ వస్తుంది. 2004 సెప్టెంబరు 1 నుంచి చేరినవాళ్లు ఇప్పుడు రిటైరవుతున్నారు. 'వాళ్లకి మనలా పెన్షనే లేదు, మన సంఘంలో ఏం పని?' అనే పెద్దమనిషి ఒకడైనా ఉంటాడు. వినకు, చేర్చుకో. పాత పెన్షన్ వాళ్లం ఏటేటా తగ్గేవాళ్లమే తప్ప పెరిగేవాళ్లం కాదు. వాళ్ల గోడు మనం ఎత్తుకోకపోతే రేపు మన డీఆర్ (పెన్షనర్ల కరువు భత్యం) బకాయిల కోసం జెండా పట్టేవాడు ఉండడు. అలాగే సర్వీసులో ఉండగా యూటీఎఫ్‌లో ఉన్నాడా, ఎస్టీయూలో ఉన్నాడా, పీఆర్టీయూలో ఉన్నాడా అని, ఏ టీచర్ల యూనియన్ వాడో ఆరా తీయకు. ఆ పాత పంతాలు రిటైర్మెంటు సన్మానం రోజున శాలువాతో పాటు మడతపెట్టాల్సినవి.

చందా విషయంలో నాది కొంచెం మొండి అభిప్రాయం. శాశ్వత సభ్యత్వం పేరుతో ఒకేసారి వసూలు చేస్తే పెట్టె నిండుతుంది, మనిషి మళ్లీ కనపడడు. ఏటా కొద్దిగా తీసుకో. దాని కోసమైనా ఇంటికి వెళ్తావు, వెళ్లినప్పుడు ఆగిన కాగితం ఉంటే బయటపడుతుంది. రసీదు చేతికిచ్చాకే లేచి రా.

ఆ పర్యటనల్లో ఒక పట్టిక తయారుచేసుకో: పేరు, పీపీఓ నంబరు, రిటైరైన తేదీ, రావలసిన బకాయి. 'పెన్షనర్లు ఇబ్బంది పడుతున్నారు' అని వినతిపత్రం ఇస్తే అధికారి నవ్వి పక్కన పెడతాడు. సంతకాలతో ఈ పట్టిక జతచేసి రసీదు ముద్ర వేయించుకుంటే, జవాబు చెప్పాల్సిన పని ఆయనకి పడుతుంది. బ్యాంకు ఖాతా నంబర్లు మాత్రం రాసుకోవద్దు, ఫోన్‌లో ఎవరు అడిగినా చెప్పొద్దని సభ్యులకీ చెప్పు. సంఘం పేరు చెప్పి ఓటీపీలు అడిగే దొంగలు తయారయ్యారు.

డిసెంబరు 17 పెన్షనర్ల దినోత్సవానికి ఇంకా టైముంది. వేదిక చిన్నది చెయ్యి, శాలువాలు తగ్గించు. గుమ్మం దగ్గరే రెండు బల్లలు వేయించి, ఒకదాని దగ్గర లైఫ్ సర్టిఫికెట్, పీపీఓ సవరణలు చూసేవాళ్లని, రెండోదాని దగ్గర ఆ ఏడాది రిటైరైనవాళ్ల పేర్లు రాసుకునేవాళ్లని కూర్చోబెట్టు. ఆ పేర్లు కావాలంటే ఎంఈఓ (మండల విద్యాధికారి) ఆఫీసులో ఇప్పుడే అడిగి ఉంచు. జూన్‌లో పదవీవిరమణలు ఎక్కువ, బడిలో వేసేటప్పుడు మనందరికీ జూలై ఒకటో తేదీ పుట్టినరోజులు రాయించిన పుణ్యమా అని.

ఆశీస్సులతో,
మీ అన్నయ్య