కాంపోనెంట్ కంట్రోలర్ చేతికి రావడం లేదు

ప్రశ్న: మాది కావలి దగ్గర. రొయ్యల గుంటల లెక్కలు రాసుకునే చిన్న అప్లికేషన్ చూసుకుంటున్నాను, వెబ్ పేజీలు కట్టే యాంగులర్ జేఎస్ 1.7లో ఉంది. పేజీలో ఆరు గుంటలు, ఒక్కో గుంటకీ ‘మేత నమోదు’ అనే కాంపోనెంట్ (పేజీలో విడిగా పనిచేసే భాగం). పక్కనున్న సేవ్ బటన్ మాత్రం పేజీది. అది నొక్కగానే ఆ గుంట ఫారం ఖాళీ కావాలి. క్వెరీ సెలెక్టర్‌తో ట్యాగు పట్టుకుని యాంగులర్ ఎలిమెంట్‌లో పెట్టి కంట్రోలర్ (ఆ భాగాన్ని నడిపే కోడ్) అడిగితే అన్‌డిఫైన్డ్, అంటే ఏమీ లేదని, వచ్చింది. పేరు ఇచ్చి అడిగితే వస్తోంది కానీ ఎప్పుడూ ఒకటో గుంటే ఖాళీ అవుతోంది. నాలుగో గుంట ఫారం అలాగే ఉండటంతో మా కుర్రాడు మళ్లీ సేవ్ నొక్కాడు, మేత రెండుసార్లు ఎక్కింది. చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు: మేత లెక్క తప్పితే ఖర్చు లెక్క మొత్తం తప్పుతుంది, మీ కంగారు అర్థమైంది. పేరు ఇవ్వకుండా కంట్రోలర్ అడిగితే అది ట్యాగులో ఎన్‌జీ-కంట్రోలర్ అని రాసి పెట్టినదాన్నే వెతుకుతుంది, మీ పేజీలో అలాంటిది లేదు కాబట్టి అన్‌డిఫైన్డ్. పేరు ఇచ్చేటప్పుడు కూడా ట్యాగులో గీతలతో రాసినట్టు కాదు, జావాస్క్రిప్ట్‌లో కాంపోనెంట్‌ని నమోదు చేసిన పేరే ఇవ్వాలి. ఇక ఒకటో గుంట సంగతి: క్వెరీ సెలెక్టర్ మొదట దొరికిన ట్యాగునే ఇస్తుంది, మీరు ఏ బటన్ నొక్కారో దానికి తెలియదు.

నన్నడిగితే ట్యాగుల్లో వెతికే ఈ దారే వదిలేయండి. కన్సోల్‌లో తప్పు వెతకడానికి బాగుంటుంది, అంతే. స్కోప్‌ని (పేజీ విలువలు ఉండే చోటు) కూడా ఇలాగే పట్టుకునే అలవాటుంటే, డీబగ్ సమాచారం (తప్పులు వెతకడానికి యాంగులర్ ట్యాగులకి తగిలించేది) ఆపేసిన రోజు అదీ అన్‌డిఫైన్డ్ అవుతుంది.

పిల్ల కాంపోనెంట్‌కి పైదాని కంట్రోలర్ కావాలంటే రిక్వైర్ అనే సెట్టింగ్ ఉంది. పేరు ముందు రెండు టోపీ గుర్తులు (^^) పెడితే తనను వదిలి పైవాటిలోనే వెతుకుతుంది. అయితే అది కన్‌స్ట్రక్టర్‌లో (కంట్రోలర్ తయారయ్యేటప్పుడు నడిచే కోడ్) దొరకదు, ఆన్‌ఇనిట్‌లోనే (అంతా సిద్ధమయ్యాక నడిచేది) దొరుకుతుంది, చాలామంది ఇక్కడే గంటలు పోగొట్టుకుంటారు. పైనుంచి కిందికి కావాలంటే, పిల్ల కాంపోనెంట్ ఆన్‌ఇనిట్‌లో తన గుంట నంబరుతో పేజీ కంట్రోలర్ దగ్గర పేరు రాయించుకుని, ఆన్‌డిస్ట్రాయ్‌లో (కాంపోనెంట్ తీసేసేటప్పుడు నడిచేది) కొట్టేయించుకోవాలి. 1.7 వరుసలో తర్వాత వచ్చిన వెర్షన్లలో కాంపోనెంట్ కంట్రోలర్‌ని నేరుగా పేజీకి అందించే ఎన్‌జీ-రెఫ్ కూడా ఉంది, మీది ఏ చివరి అంకె వెర్షనో చూసుకోండి.

కానీ మీ పనికి కంట్రోలరే అక్కర్లేదు. మేత వివరాలు పేజీ దగ్గరే గుంటకొక ఆబ్జెక్టుగా ఉంచి, ‘<’ బైండింగ్‌తో (విలువని కాంపోనెంట్‌కి కలిపే ముడి) కిందికి పంపండి, మార్పు జరిగితే ‘&’ ద్వారా పైకి చెప్పించండి. సేవ్ కాగానే ఆ గుంటకి కొత్త ఖాళీ ఆబ్జెక్టు ఇచ్చేస్తే ఫారం తనే ఖాళీ అవుతుంది. కొత్తదే ఇవ్వాలి సుమా! పాతదానిలోనే విలువలు తుడిస్తే ఆన్‌ఛేంజెస్ (బైండింగ్ మారినప్పుడు నడిచేది) పలకదు, అందులో కాపీ తీసుకుని ఫారం నింపుతుంటే పాత అంకెలు అలాగే కనిపిస్తాయి.

యాంగులర్ జేఎస్‌కి అధికారిక మద్దతు 2021 డిసెంబర్ 31తో ఆగిపోయింది కాబట్టి కొత్త పేజీలు మాత్రం ఇందులో మొదలుపెట్టకండి. ముందు సర్వర్ నుంచి జవాబు వచ్చేదాకా సేవ్ బటన్ నొక్కుడు పడకుండా ఆపండి, ఆ తర్వాత ఒకే గుంట, ఒకే పూట, ఒకే బరువుతో ఉన్న నమోదులు వెతికి, కుర్రాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని అడిగి మరీ రెండోది తీసేయండి.